చప్పుడు చేసి తినాల్సిన పాయా

మా ఇంట్లో తినేటప్పుడు చప్పుడు రాకూడదు. ఇది మా అమ్మ పెట్టిన చట్టం. ఆదోనికి కాపురానికి వస్తూ నేను వెంట తెచ్చుకున్నాను. పప్పు జుర్రితే నా పిల్లలకు వీపు మోగేది. మా ఆయన టీని జుర్రుమని పీలుస్తాడు. ఎంత చెప్పినా మారకపోతే, పెళ్ళైన కొత్తలోనే ఆయన గ్లాసును వీధి అరుగు మీదికి పంపించేశాను. ఇన్నేళ్ళుగా అక్కడే తాగుతున్నాడు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఆయనకూ తెలుసు, వీధికీ తెలుసు.

అట్లాంటి ఇంటికి కోడలొచ్చింది. నర్సు చదివి, జపాన్‌లో ఫుకువోకా అనే ఊళ్ళో ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగం కొన్నాళ్ళు చేసి, తిరిగొచ్చి మావాణ్ణి చేసుకుంది. మెత్తని పిల్ల. పోయినేడు కడుపుతో ఉన్నప్పుడు దానికి వేవిళ్ళు పట్టుకున్నాయి. అన్నం ఉడికే వాసన వస్తే చాలు, పెరట్లో అంట్లు తోమే జాలారి దగ్గరికి పరుగు. రాగిజావ నిలవలేదు, మజ్జిగ నిలవలేదు. డాక్టరమ్మ బరువు చూసి, ఇంకా తగ్గితే ఆసుపత్రిలో చేర్చుకుని సెలైన్ పెట్టాలంది. 

"ఏం తినాలనుందో సెప్పు తల్లీ. యాడున్నా తెస్తా" అన్నాను.

చాలాసేపు నసిగి, "హకాటా రామెన్ అత్తా" అంది.

అదేమిటంటే ఫోన్‌లో ఫోటో చూపించింది. పెద్ద గిన్నెలో పాలలాంటి తెల్లని రసం, అందులో సన్నని సేమ్యాలు, పైన ఉల్లికాడలు. "ఆ ఊరోళ్ళు పంది ఎముకలతో కాస్తారు. నేను తినింది మనట్లాంటోళ్ళ కోసం కోడి ఎముకలతో చేసే అంగట్లో" అంది.

మాది ఇంట్లోనూ తెలుగే మాట్లాడే దూదేకుల ఇల్లు. పండగొస్తే వీధి వీధంతా నా పాయా కోసం చూస్తుంది. ఎముకల రసం అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కోడి ఎందుకు, మేక కాళ్ళే పెడదామనుకున్నాను. "ఓస్, ఇంతేనా" అన్నాను.

పొద్దున్నే కాళ్ళు తెప్పించి, కాల్చి, కడిగి, సన్నసెగ మీద పెట్టాను. మసాలా వద్దని కోడలు ముందే చెప్పింది. వద్దంటే మాత్రం చెయ్యి ఊరుకుంటుందా? కాస్త అల్లంవెల్లుల్లి, కాస్త ధనియాలపొడి, చిటికెడు పసుపు వాటంతటవే పడ్డాయి. కోడలు ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, "బాగుంది అత్తా" అని జాలారికి పరుగెత్తింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ముదురు కాళ్ళు అంటగట్టాడని మాంసం అంగడాయన్ని తిట్టిపోశాను. అరుగు మీది నుంచి మా ఆయన అన్నాడు: "ఆ పాప అడిగింది రామెన్. నువ్వు పెట్టింది పాయా. మధ్యన అంగడాయప్ప ఏం చేసినాడు?"

మాట సూటిగా తగిలింది. వెళ్ళి కోడలి పక్కన కూర్చుని, "మళ్ళా మొదట్నించీ సెప్పు పాపా" అన్నాను.

అంతా మా పద్ధతికి ఎదురే. పాయా అంటే మూతపెట్టి, రసం తేటగా ఉండేలా నిదానంగా ఉడికించాలి. దీన్నేమో నిండుమంట మీద, గిన్నె ఎగిరిపడేలా కాయాలట. అప్పుడే మూలగంతా కరిగి రసం తెల్లబడుతుందట. మర్నాడు కాళ్ళతోపాటు మూలగ ఎముకలూ వేసి పొయ్యి మీద పెట్టాను.

"సెగ పెంచు అత్తా."

"పెంచినా కదమ్మా."

"ఇంకా."

పొయ్యిని మా ఆయనకు అప్పజెప్పి ఎమ్మిగనూరు బస్సెక్కాను. అక్కడ మా అక్క దగ్గర చేత్తో తిప్పే సేమ్యాల మిషనుంది. రంజానుకు మా అందరికీ అక్కే ఒత్తి పంపుతుంది. పిండిలో అప్పడాలకు వేసే సోడాలాంటి ఖారం కలపమన్నానని బుగ్గలు నొక్కుకుంది.

"సేమ్యాల్లోకి అప్పడాల ఖారమా? మతి యాడ పెట్టొచ్చినావే?"

"అదేస్తేనే ఉడికినాక మెత్తబడకుండా సాగుతాయంట. కోడలు సెప్పింది."

"కోడలు సెప్తే నువ్వు ఇన్యావా?" అని అక్క మిషను పిడి తిప్పినంతసేపూ నవ్వుతూనే ఉంది. పిండి లేతపసుపుకు తిరిగింది. సేమ్యాలు ఎండబెట్టకుండా పచ్చివే డబ్బాలో పెట్టుకుని తిరుగు బస్సెక్కాను.

నేను వచ్చేసరికి మా ఆయన పొయ్యి ముందు స్టూలేసుకుని, రసం ఇగిరినప్పుడల్లా వేణ్ణీళ్ళు పోస్తూ చెమటలు కక్కుతున్నాడు. మూత తీసి చూస్తే తెల్లగా, చిక్కగా పాలే. పాయాను ఆ రంగులో నా జన్మలో చూడలేదు. ఆయనకు టీ పెట్టిచ్చి అరుగు మీదికి పంపాను. అంగట్లో తెచ్చిన సోయాసాసు కాస్త, ఉప్పు, ఉడికీ ఉడకని సేమ్యాలు, తెల్లనువ్వులు, ఉల్లికాడలు వేసి కోడలి ముందు గిన్నె పెట్టాను. నా చేయి మసాలా డబ్బా వైపు పోకుండా కొంగులో చుట్టుకున్నాను.

కోడలు సేమ్యాలను ముక్కలుగా కొరుక్కుంటూ మెల్లగా తింది. రెండు ముద్దలకే ఆగిపోయింది.

"బాగలేదా?"

"అచ్చం అదే అత్తా. అయితే..." తల దించుకుంది. "ఇది జుర్రాల. జుర్రకుంటే రుచి తెలీదు."

అరుగు మీద టీ చప్పుడు కూడా ఆగిపోయింది. ఎండుకుపోయిన ఆ పిల్ల మొహం చూశాను. నా చట్టం చూసుకున్నాను. లేచి గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

"నాకు ఈ పొద్దు సెవుడొచ్చింది. తిను."

మొదట చిన్నగా వినబడింది. తర్వాత జుర్రుమని, ఇల్లంతా వినబడేలా. ఆ చప్పుడుకు నాకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, సంతోషం పట్టలేకపోయాను. జాలారి వైపు అడుగులు వినబడతాయేమోనని ఊపిరి బిగబట్టాను. వినబడలేదు.

"ఇంకొంచెం ఉందా అత్తా?"

గిన్నె నింపుతుంటే, మా ఆయన టీగ్లాసుతో వచ్చి గడప అవతలే నిలబడ్డాడు.

"నీ సెవుడు ఇంకెంతసేపుంటాది?" అని అడిగాడు.

"లోపలికొచ్చి కూసో" అన్నాను.