లేని కత్తి

పోయిన ఆదివారం పొద్దున్నే మా సారు పోయారని కరీంనగర్ నుంచి సుల్తానాబాద్‌లో ఉన్న నాకు కబురు వచ్చింది. ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి ముప్పై ఏళ్లకు పైగా నా దగ్గరే ఉండిపోయింది.

సారు ఎరువుల కర్మాగారంలో ఎలక్ట్రీషియన్. శిక్షణ కోసం కంపెనీ జపాన్ పంపితే, అక్కడ ఒక ముసలి ఫోర్‌మన్ దగ్గర ఇయాయిదో అనే విద్య నేర్చుకొచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని, ఎదుటి మనిషి కదిలాడనుకున్న క్షణంలో ఒరలోంచి కత్తి దూయాలి. తర్వాత మళ్లీ ఒరలో పెట్టాలి. అంతే. ఎనభైల్లో, కరీంనగర్‌లో పహిల్వాన్లు కుస్తీ పట్టి వదిలేసిన ఒక తాలింఖానాలో ఆదివారాలు మాకు అది నేర్పారు. వడ్రంగి చెక్కిన టేకు కత్తులు, వెదురు ఒరలు. ఇనుప ముక్క ఒక్కటి కూడా లేదు.

కత్తి దూసేటప్పుడు మాకు ఎక్కడలేని హుషారు. ఒరలో పెట్టేటప్పుడు చూపు కిందికి దించామా, ఆ పూట తిట్లు తప్పవు. “ఎదుటోడు ఇంకా సావలే. నీ కండ్లు వాని మీదనే ఉండాలె” అనేవారు. ఎదుట ఉన్నది ఖాళీ గోడ. దాన్నే చూస్తూ కూర్చుంటే నిజంగానే అక్కడ ఎవరో ఉన్నారనిపించేది.

బయట నిజంగానే ఉన్నారు. ఊళ్లలో కుర్రవాళ్లు అడవి బాట పట్టారని, వాళ్ల కోసం పోలీసులు తిరుగుతున్నారని రోజూ వినే కాలం అది. వరసగా రెండు ఆదివారాలు ఒక జీపు తాలింఖానా ముందు ఆగింది. ఎవరూ దిగలేదు. కాసేపుండి వెళ్లిపోయింది. సారు తలుపు దగ్గరికి వేశారు. “ఎవలన్న అడిగితె కసరత్తు అని చెప్పుర్రి. కత్తి అనే మాటనే వద్దు” అన్నారు.

అప్పట్లో నేను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసేవాణ్ణి. దరఖాస్తు కొట్టించుకోవడానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. నా అరచేతులు కాయలు కాసి ఉండటం చూసి, ఏం చేస్తావని మెత్తగా అడిగాడు. పొగిడితే ఉబ్బిపోయే వయసు, చెప్పేశాను. “కట్టెలతోని ఏమొస్తది తమ్మీ?” అని నవ్వాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. “మా సార్ ఇంట్ల అసలుది ఉన్నది. జపాన్‌కెళ్లి తెచ్చిండు” అన్నాను. అలాంటి కత్తి ఏదీ లేదు.

మూడోనాడు సారును జీపులో తీసుకెళ్లారు. లేని కత్తి కోసం ఆయన ఇల్లు తవ్వారు. ఐదు రోజులకు తిరిగొచ్చారు. కుడిచేతి వేళ్లు ఇక ముడుచుకోలేదు. తాలింఖానాకు తాళం పడింది.

ఎవరు చెప్పి ఉంటారని అందరం తలలు పట్టుకున్నాం. సిరిసిల్ల నుంచి బస్సులో నేర్చుకోవడానికి వచ్చే మరమగ్గాల కార్మికుడు ఒకతను, సారును తీసుకెళ్లడానికి ముందు ఆదివారం రాలేదు. నింద అతని మీద పడింది. నేను నోరు విప్పలేదు, పైగా తలూపాను. సిగ్గుపడలేదని కాదు. భయం అంతకంటే ఎక్కువగా ఉంది.

ఆ తర్వాత ఎన్నోసార్లు సారును చూడబోయాను. ఎడమచేత్తో చాయ్ అందించి, “ఇంకేం ముచ్చట?” అనేవారు. “ఏం లేదు సార్” అనేవాణ్ణి. ఆయన చూపు నా మీంచి దించేవారు కాదు. నేను బస్సు వేళయిందని లేచేవాణ్ణి.

కబురు అందిన ఆదివారం నేను వెళ్లేసరికి సారును వాకిట్లో పడుకోబెట్టారు. పాత శిష్యులంతా ఒకచోట కూర్చున్నారు. సిరిసిల్ల అతను గేటు అవతల ఒక్కడే నిలబడ్డాడు. ఎవరూ పలకరించలేదు. ఇక నా వల్ల కాలేదు. అతని దగ్గరికి వెళ్లి, ఆ రోజు చెప్పింది నేనేనని అందరికీ వినబడేలా అన్నాను.

అతను తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. “నాకెరుకనే తమ్మీ. గప్పుడే సార్ చెప్పిండు. టైపు కొట్టే పిలగాడే చెప్పిండని ఠాణాల అన్నరట.”

“మరి గిన్నేండ్లు ఊకెందుకున్నవన్నా?”

“సార్ ఆగుమన్నడు. వాడే చెప్తడు, జర ఆగు అన్నడు. మొన్న దవాఖానల గూడ అడిగిండు, చెప్పిండా అని.”

పాడె ఎత్తేటప్పుడు అతణ్ణి పిలిచారు. నన్నెవరూ పిలవలేదు, వెనక నడిచాను. దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. అక్కడ పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలవడం ఆచారం. కొడుకు పిలిచి లేచాక, సిరిసిల్ల అతను నా భుజం పట్టి ముందుకు తోశాడు.

“పో, చెప్పు” అన్నాడు.

వంగి, సారు చెవి దగ్గర నోరు పెట్టి, “సార్, నేనే” అన్నాను. మూడుసార్లు అన్నాను. ఆయన చెంప మీది బంతిపూల రేకులు నా ఊపిరికి కదిలాయి.