పిట్టలకు నచ్చని పాట

మొన్న తనకల్లు దారిలో ఒక జొన్నచేలో పాత సీడీలు వేలాడదీసి ఉంటే, చూసి ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు వీటి వంతు వచ్చిందన్నమాట!

మా ఇంటికి సీడీ ప్లేయరు వచ్చిన ఏడాది, నేను పెన్సిలుతో తిప్పి తిప్పి కాపాడుకున్న పాటల క్యాసెట్టును నాయన విప్పేశాడు. రీలంతా లాగి, పిట్టలు వాలకుండా చేనుకు అడ్డంగా కట్టాడు.

"అది నాది నాయనా!"

"ఇంగ ఆ పాత పాటలు ఎవరింటారు పాపా? పిట్టలన్నా విననీ."

గాలికి రీలు జుయ్యిమనగానే పిట్టలన్నీ లేచిపోయాయి. నా పాట వాటికి వినబడుతోందని, నచ్చక ఎగిరిపోతున్నాయని నమ్మేశాను.

"యాడికి పోతాండారే? ఉండి వినండే!" అని గట్టుమీద నిలబడి అరిచాను.

అవి రీలు మెరుపుకూ మోతకూ బెదిరాయని పెద్దయ్యాక తెలిసింది. నా పాట వద్దనుకున్నది పిట్టలు కాదు, మా ఇంట్లోవాళ్లే.