జైనబ్ దగ్గరున్న మా అమ్మ

మొన్న మా చంటిదానికి టీకా వేయించడానికి భీమవరంలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్తే, అక్కడి నర్సమ్మ దూదిని స్పిరిట్లో ముంచి పిల్ల తొడమీద రుద్దింది. ఆ చల్లని ఘాటు వాసన ముక్కుకు తగలగానే మొహం పక్కకు తిప్పేసుకున్నాను. పిల్ల ఏడుస్తుందన్న దిగులుతో కాదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ వాసన నాలో లేపేది అసూయనే. నాకు పదేళ్ళప్పుడు మా అమ్మ చేతుల్లోని మెంతుల వాసన, కొబ్బరినూనె వాసన పోయి, వాటి చోట ఈ స్పిరిట్ వాసన వచ్చి చేరింది.

అప్పుడు మేము సౌదీలో, హుఫూఫ్‌లో ఉండేవాళ్ళం. నాన్న ఒక భవన నిర్మాణ కంపెనీలో స్టోర్ కీపర్. అమ్మ పెళ్ళికి ముందునుంచీ నరసాపురంలో నర్సుగా చేసింది గాని, నేను కడుపులో పడ్డాక మానేసి నాన్న దగ్గరికి వచ్చేసింది. నా తర్వాత నాలుగేళ్ళకు తమ్ముడు జోయెల్ పుట్టాడు. మా ఇల్లు రెండో అంతస్తులో, వెనకవైపు ఖర్జూర తోట గోడకు ఆనుకుని ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే కుళాయిలో చన్నీళ్ళన్నవి ఉండేవి కావు. కిటికీలో ఏసీ పగలూ రాత్రీ ఒకటే రొద పెట్టేది. దుమ్ము గాలి లేచిన రోజున అమ్మ తలుపు కింద సందుల్లో తడిగుడ్డలు దోపి, మమ్మల్నిద్దర్నీ మంచం మీద కూర్చోబెట్టి, ఊరినుంచి వచ్చిన వాళ్ళెవరో తెచ్చిచ్చిన తాటితాండ్రను చిన్న చిన్న ముక్కలుగా తుంచి పెట్టేది. ఎండలు తగ్గుతూనే గోడ అవతలినుంచి పండి మెత్తబడ్డ ఖర్జూరాలు మా సందులోకి రాలిపడి చెప్పులకు అంటుకునేవి. చలికాలంలో మేడమీద పగిలిన టైలు ముక్కలు ఏరుకుని ఏడుపెంకులాట ఆడుకునేవాళ్ళం. క్రిస్మస్ ఏ వారం వచ్చినా మాకు మాత్రం శుక్రవారమే పండగ. ఆ రోజే నాన్నకు సెలవు. ఎవరో ఒకరి ఇంట్లో పది కుటుంబాలు చేరి, బయటివాళ్ళకు తెలియకూడదని తెరలు వేసుకుని, గొంతు తగ్గించి పాటలు పాడుకున్నాక, అమ్మ వండిన అరిసెలూ గులాబీ పువ్వులూ వంటింటి గట్టుమీద నిమిషాల్లో ఖాళీ అయ్యేవి.

ఆ రోజుల్లో అమ్మ అంతా మాదే. బడి బస్సు దిగేసరికి కిటికీలో ఆమె మొహం కనపడేది. సాయంత్రం నా జడ విప్పి, చిక్కులు తీస్తూ, నూనె పెడుతూ, నరసాపురం ఆసుపత్రి కబుర్లు చెప్పేది. పాము కరిచినవాళ్ళను మంచంతో సహా మోసుకొచ్చిన సంగతులూ, వరద నీళ్ళలో పడవమీద కాన్పు చేసిన సంగతీ చెప్పేటప్పుడు దువ్వెన ఆగిపోయేది. అమ్మ గొంతు మారిపోయేది. అదంతా నాకోసమే చెప్తోందనుకునేదాన్ని.

నితాకత్ అన్న మాట మా ఇంట్లోకి నాన్న నోటినుంచి వచ్చింది. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీవాళ్ళు ఉండాలని, ఉన్నదాన్నిబట్టి కంపెనీకి ఎరుపో పసుపో ఆకుపచ్చో రంగు పడుతుందని, మా కంపెనీకి పసుపు పడిందని, ఇంక చాలామందికి వీసా పొడిగించరని చెప్పాడు. నేను గోడలకు పసుపు రంగు వేస్తారనుకుని సంబరపడ్డాను. కొన్నాళ్ళకు మేడమీద ఆటకు పిల్లలు తగ్గడం మొదలైంది. కింద వాటాలో ఉన్న కర్నూలు వాళ్ళు వెళ్ళిపోతూ వాళ్ళమ్మాయి సైకిలు నాకిచ్చేసింది. తర్వాత ఒకరోజు నాన్న సంచీ కింద పెట్టకుండానే గుమ్మంలో నిలబడి అమ్మతో అన్నాడు.

"ఇంటద్దె ఇంక కంపెనీ ఇవ్వదంట. మీరు ముగ్గురూ ఊరెళ్ళిపోతే నేను పనివాళ్ళ కేంపులో ఉండిపోతాను."

అమ్మ అన్నం వారుస్తోంది. గిన్నె దించి, చెయ్యి తుడుచుకుని వచ్చింది.

"ఎవరూ ఎక్కడికీ ఎళ్ళక్కర్లేదండి. నేను డ్యూటీలో చేరతాను."

"పదకొండేళ్ళయింది సునీతా, సూది పట్టుకుని."

"పిల్లలకి టీకాలేయించినప్పుడల్లా ఆ సిస్టరు చెయ్యెలా పెట్టిందోనని చూత్తానే ఉన్నానండి. నేనేం మర్చిపోలేదు."

నాన్న సంచీ అప్పుడు కింద పెట్టాడు.

అక్కడ నర్సుగా చేరాలంటే లైసెన్సు పరీక్ష రాయాలి. అమ్మ భోజనాల బల్లమీద లావుపాటి పుస్తకం తెరిచి కూర్చునేది. నేను లెక్క అడగబోతే వేలు పుస్తకంలో పెట్టి మూసి, చెప్పి, మళ్ళీ వేలు పెట్టిన చోటే తెరిచేది. ఆ వేలంటే నాకు కోపం. మొదటిసారి పరీక్ష పోయింది. అమ్మ స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి చాలాసేపు ఉండిపోయింది. బయట నిలబడ్డ నాకు దిగులు వెయ్యలేదు. ఇంక పుస్తకం మూసేస్తుందనిపించింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ తెరిచింది. రెండోసారి నెగ్గింది.

నలభయ్యో ఏట అడుగుపెడుతూ మా అమ్మ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పిల్లల వార్డులో చేరింది. ఆమెకు పని చెప్పేది ఇరవయ్యయిదేళ్ళ మలయాళీ అమ్మాయి. కంప్యూటరు రాక, మందుల పేర్లు కొత్తవై, అమ్మ మొదటి నెలంతా బెదురుబెదురుగా వెళ్ళొచ్చింది. ఇంటికి రాగానే వాచిన పాదాలు ఉప్పు వేసిన వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చునేది. నా మెడలో తాళంచెవి వేలాడేది. నేనే తలుపు తీసి, అన్నం వేడిచేసి, జోయెల్‌కు పెట్టేదాన్ని. కిటికీలో మొహం లేని ఇల్లు నాకు పరాయిల్లులా ఉండేది. అంతకంటే బాధపెట్టింది అమ్మ మొహం. అంత అలసటలోనూ అది వెలిగిపోతుండేది. జడ విప్పుతూ నాకోసం చెప్పేదనుకున్న ఆ కబుర్ల గొంతు ఇప్పుడు రోజంతా ఉంటోంది, ఎవరికోసమో.

ఆ ఎవరో త్వరలోనే తెలిసింది. జైనబ్ అని నా ఈడు పిల్ల. రక్తంలో కణాలు కొడవలిలా వంగి, ఎక్కడపడితే అక్కడ అడ్డుపడి, ఎముకలు పిండేసేంత నొప్పి తెచ్చే జబ్బు. ఆ ఊళ్ళో చాలామంది పిల్లలకు ఉండేదది. నెలకోసారో రెండుసార్లో వార్డుకు వచ్చేది. రాత్రి భోజనాల దగ్గర ఇక ఆ పిల్ల ఊసే. జైనబ్ ఇవాళ రెండు ముద్దలు తింది. జైనబ్ నాకు అరబీ నేర్పుతోంది. జైనబ్‌కి తెలుగులో 'నొప్పి' అనడం వచ్చేసింది, ఇంకెవరొచ్చినా నోరు విప్పదు, నేను రాగానే 'నొప్పి, నొప్పి' అంటుంది.

"నాకూ కాలు నొప్పే," అన్నాను ఒక రాత్రి.

అమ్మ కంచం ముందునుంచి లేచి వచ్చి, నా మోకాలు వంచి చూసి, నొక్కి చూసి, "బానే ఉందమ్మలూ," అని వెళ్ళి అన్నం కలుపుకుంది. బాగానే ఉండటం అంత అవమానమని ఆ రోజు తెలిసింది నాకు.

నా పదకొండో పుట్టినరోజున అమ్మ నాలుగింటికి వస్తానంది. నాన్న కేకు తెచ్చి పెట్టాడు. జోయెల్ దాని చుట్టూ తిరిగి తిరిగి క్రీము వేలితో తీసుకు తిన్నాడు. ఐదైనా అమ్మ రాలేదు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక నాన్న ఇక ఆగలేక, కేకు పెట్టెతో సహా మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆ వార్డులో తల్లులుంటారు కాబట్టి మగవాళ్ళను రానివ్వరు. నాన్న, తమ్ముడు మెట్ల దగ్గర ఆగిపోయారు. నేనొక్కదాన్నే వెళ్ళాను.

అమ్మ మంచం అంచున కూర్చుని ఒక బక్కపిల్ల పిక్కలు రుద్దుతోంది. రుద్దుతూ సన్నగా పాడుతోంది. నాకు జ్వరం వస్తే పాడే జోలపాటే అది. నేను గుమ్మంలోనే బిగుసుకుపోయాను. జైనబ్ నన్ను చూసి అమ్మతో ఏదో అంది.

"నువ్వు పరిగెత్తగలవా అని అడుగుతుందే," అంది అమ్మ.

వెనక్కి తిరిగి నడవా ఈ చివరినుంచి ఆ చివరిదాకా పరిగెత్తాను. మళ్ళీ ఇటు పరిగెత్తాను. బడిలో పందెంలో కూడా అంత జోరుగా పరిగెత్తి ఎరగను. ఆయాసపడుతూ వచ్చి మంచం ముందు నిలబడ్డాను. జైనబ్ చప్పట్లు కొట్టి, నవ్వి, కాసేపటికి గోడవైపు తిరిగి పడుకుంది. గెలిచాననుకున్నాను. అమ్మ మాత్రం ఆ పిల్ల వీపు నిమురుతూనే ఉంది.

అంతలో సూది మార్చాల్సిన వేళయింది. మూలన కుర్చీలో, ఒళ్ళంతా కప్పే నల్ల అబాయాలో కూర్చున్న జైనబ్ తల్లి గబగబా వచ్చి కూతురి చెయ్యి పట్టుకోబోయింది. జైనబ్ ఆ చెయ్యి విదిలించుకుని, "సిస్టర్," అని మా అమ్మ కొంగుకోసం వెతుకుతున్నట్టు గాల్లో చెయ్యి చాపింది. ఆ తల్లి అలాగే ఒక్క క్షణం నిలబడి, వచ్చి నా పక్కనున్న బల్లమీద కూర్చుంది. ఆమె మా అమ్మకేసి చూసిన చూపు నేనెరిగినదే. అద్దంలో చూసుకోకపోయినా, నెలల తరబడి నా మొహంమీద ఉన్నదదే. నేను ఆమెనే చూస్తున్నానని ఆమెకు తెలిసినట్టుంది. సంచీలోంచి ఖర్జూరం కూరిన బిస్కత్తు తీసి, విరిచి, సగం నాకిచ్చి సగం తను నోట్లో వేసుకుంది. మేమిద్దరం వాళ్ళిద్దర్నీ చూస్తూ నమిలాం.

ఆ తర్వాత నా అసూయ పోయిందని చెప్పలేను. కాకపోతే అందులో నేనొక్కదాన్నే లేనని తెలిసింది.

అమ్మ జీతంతో మా ఇల్లు కొన్నేళ్ళు నిలిచింది. ఆ తర్వాత విదేశీయుల కుటుంబాల మీద తలకింతని పన్ను వేశారు. ఏటేటా పెరిగే పన్ను అది. నాన్న కంపెనీ మూతపడి, ఆయనకు ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. మా కాగితాలు నాన్నవాటితో ముడిపడి ఉన్నవి. అమ్మకు కఫీలు, అంటే పూచీదారు, ఆసుపత్రి. అందరం కలిసి ఉండటానికని అమ్మ చేరిన ఉద్యోగం అమ్మను అక్కడే ఉంచేసి, మమ్మల్ని నాన్న వెంట పంపింది. ఊళ్ళో అప్పులూ మా చదువులూ ఉండగా మానేస్తానని అమ్మా అనలేదు, మానెయ్యమని నాన్నా అనలేదు. దమ్మాం విమానాశ్రయానికి డ్యూటీ దుస్తుల మీదే అబాయా వేసుకుని వచ్చింది. నా జడ విప్పి, అక్కడే నిలబెట్టి, మళ్ళీ గట్టిగా అల్లింది. విమానం దిగేదాకా తల నొప్పెడుతూనే ఉంది. ఆ జడ విప్పడానికి మాత్రం రెండు రోజులు మనసొప్పలేదు.

నరసాపురంలో నాన్న వంట నేర్చుకున్నాడు. పులుసులో ఉప్పు మర్చిపోయేవాడు. నా ఇంటరు ఫలితాలొచ్చిన రోజు అమ్మ ఫోను ఎత్తలేదు. సాయంత్రం చేసి, జైనబ్‌కి బాలేదని, పక్కనే ఉన్నానని చెప్పింది. మార్కులు చెప్పకుండా ఫోను నాన్నకిచ్చేశాను.

అమ్మ హుఫూఫ్ వదిలి ఇంటికొచ్చి మూడేళ్ళయింది. మేమున్న ఆ భవనం పడగొట్టేశారట. శుక్రవారాలు తెరలు వేసుకుని పాడుకున్న ఆ పది కుటుంబాల్లో అక్కడ ఇప్పుడెవరూ లేరు. బడిలో నేర్చుకున్న అరబీ నాకు అక్షరం ముక్క మిగల్లేదు. అమ్మకు మాత్రం అది ఇంకా నాలుకమీదే ఉంది. జైనబ్ ఇప్పుడు పెళ్ళయిన మనిషి, నొప్పి వచ్చినప్పుడల్లా వీడియోలో పిలుస్తుంది. నిన్న సాయంత్రం కూడా పిలిచింది. అమ్మ మా చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని, ఫోను ఎదురుగా నిలబెట్టుకుని, నాకు అర్థంకాని మాటల్లో ఎంతోసేపు ఓదార్చింది. నేను ఉతికిన బట్టలు మడతపెడుతూ వింటున్నాను. మధ్యలో ఒక్క మాట తెలిసింది. బింతీ, అంది అమ్మ. నా కూతురు అని దానర్థం. అప్పుడు ఆమె ఫోనుకేసి చూస్తోందా, నాకేసి చూపిస్తోందా అని తలెత్తి చూద్దామనుకున్నాను. చూడలేదు. చేతిలో ఉన్న చీరను మడత విప్పి, మళ్ళీ మొదటినుంచి పెట్టాను.