తాజ్ బీ వేసిన వేడినీళ్ల పైపు

మెదక్‌లో తాజ్ బీని పేరు పెట్టి పనికి పిలిచేవాళ్లు లేరు. ఎవరింట్లో కాలుపెట్టినా "ఫక్రుద్దీన్ పెండ్లాం వచ్చింది" అనేవాళ్లే. ప్లంబర్ ఫక్రుద్దీన్ మోకాళ్లు అరిగి, మెట్లెక్కడం మానేసి మూడేళ్లయింది. గోడ కొట్టేదీ, నల్లా బిగించేదీ ఆవిడే. ఫోన్లు మాత్రం ఆయనకే. ఎంత అన్యాయమో చూడండి!

ఈసారి పని హవేలిఘనపూర్ ఊరి గోదావరమ్మ మెదక్ టౌన్లో కడుతున్న ఇంట్లో, వేడినీళ్ల లైను. తాజ్ బీ పెక్స్ పైపు తెచ్చింది. పాలిథీన్ పోగుల్ని ఒకదానికొకటి ముడిపెట్టి చేసే ప్లాస్టిక్ అది. గీజరు వేడికి కరగదు, తుప్పు పట్టదు. చుట్ట విప్పి మలుపులు తిప్పుకుంటూ పోతే గోడలో అతుకే ఉండదు. ఎండ ఒక్కటే దానికి పడదు. అందుకని చుట్టకు దుప్పటి కప్పి మంచం కింద దాచింది. "నాకు లేని దుప్పటి దానికెందుకే?" అని ఫక్రుద్దీన్ వారం రోజులు సణిగాడు.

గోదావరమ్మకు నమ్మకం కుదరలేదు. "మీ ఆయన మంచిగుందంటేనే పైపు మీద సిమెంటు కొట్టి గోడ మూపిస్త. లేకుంటే వేరేటోళ్లను పిలుస్త," అంది.

తాజ్ బీకి ఒళ్లు మండింది. ఆ కోపంలో మూల దగ్గర పైపును ఒక్క గుంజు గుంజింది. అంతే, పైపు మడతపడి నొక్కుకుపోయింది.

"హాయ్ అల్లా!"

గోదావరమ్మ అప్పటికే ఫక్రుద్దీన్‌కు వీడియో కాల్ కలిపేసింది. ఆయన చూసి, "కోసెయ్, జాయింట్ పెట్టు," అన్నాడు.

"గోడ లోపట జాయింటా? రేపు కారితే టైల్సు పగలగొట్టేదెవరు? నేను కొయ్య."

"ముప్పై ఏండ్ల సంది చేస్తున్న, నాకే చెప్తవా?"

"మీరు చేసింది ఇనుప పైపులు. జర ఊకోండ్రి."

సంచిలోంచి వేడిగాలి ఊదే హీట్ గన్ తీసింది. తూప్రాన్‌లో ఒకరోజు ట్రైనింగుకు పోయి నేర్చుకున్న పని.

"ప్లాస్టిక్‌కు సెగ పెడ్తవా? పిచ్చి లేసిందా?" ఫోన్లో అరుపు.

తాజ్ బీ ఆపలేదు. గన్ తిప్పుతూ నెమ్మదిగా కాచింది. తెల్లని పైపు అక్కడ గాజులా తేటబడింది. నొక్కు మెల్లగా లేచి గుండ్రంగా నిండింది. తొలి రూపం దానికి గుర్తుంటుంది మరి, ఆ ముడుల గుణమే అంత! చల్లారి మళ్లీ తెల్లబడేదాకా ఎవర్నీ ముట్టనివ్వలేదు. తర్వాత పైపుకు ఒత్తిడి చూపే గేజీ బిగించి, నిండా నీళ్లు పట్టి, ఒత్తిడి ఎక్కించి ఇంటికి పోయింది.

మర్నాడు పొద్దున చూస్తే గేజీ ముల్లు పెట్టిన చోటే ఉంది. ఒక్క చుక్క కారలేదు. గోదావరమ్మ అయినా ఊరుకుందా? మళ్లీ ఫక్రుద్దీన్‌కే ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"మస్తుగ చేసింది గని, నువ్వొక్క మాట చెప్పు. గోడ మూపియ్యాల్నా?"

తాజ్ బీ ఫోన్ దగ్గరికి జరిగింది.

"నన్నెందుకు అడుగుతుండ్రమ్మా?" అన్నాడు ఫక్రుద్దీన్. "ప్లంబర్ మీ ముంగట్నే ఉంది గద. ఆమెనే అడుగుండ్రి."

గోదావరమ్మ తలతిప్పి చూసింది. తాజ్ బీకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మూపియ్యుండ్రి," అంది.