అంకుల్‌గారి అక్క పాటలు

కార్డిఫ్‌లో మా ఫ్లాట్‌కి రెండు వీధుల అవతల ఒక అంకుల్ ఉండేవారు. తెనాలి వైపువారు. ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తానని తెలిశాక, కంప్యూటర్ కాస్త మొరాయించినా నాకే కబురు చేసేవారు. ఆ పెద్దరికం నాకు బాగానే ఉండేది.

పెన్‌డ్రైవ్‌లు అప్పుడప్పుడే తాళంచేతుల గుత్తుల్లోకి చేరుతున్న రోజులవి. ఆ ఏడు ఆయన ఇండియా వెళ్లి, ఎనభైకి దగ్గరపడిన తన అక్కచేత పెళ్లిపాటలు పాడించి, చిన్న డిజిటల్ రికార్డర్‌లో ఎక్కించుకొచ్చారు. అప్పగింతల పాటలు, వియ్యపురాలిని ఏడిపించే పాటలు. వాటిని సీడీ చేసి చుట్టాలందరికీ పంచాలని ఆయన కోరిక.

నేను వెళ్లేసరికి రికార్డర్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి కంప్యూటర్‌కి వైరు తగిలించి కూర్చున్నారు. పాట ఎంతసేపుంటే అంతసేపూ పడుతుందట, ఎలాగూ వింటూనే ఉంటాగా అన్నారు. నేను నవ్వాను. ఆ వైరులో వచ్చేది ఒట్టి శబ్దమేనని, దారిలో గరగర కలుస్తుందని, యూఎస్‌బీ అయితే ఫైలుకు ఫైలే నిమిషంలో దిగుతుందని పాఠం చెప్పాను. ఆయన పద్ధతిలో ఆయన్ని చేసుకోనివ్వమని ఆంటీ అన్నా వినిపించుకోలేదు. జాక్ పీకేసి యూఎస్‌బీ పెట్టాను.

తెరమీద ఒక పెట్టె వచ్చింది. ఈ డిస్కు ఫార్మాట్ అయి లేదు, చేయమంటారా అని. ఆఫీసులో అలాంటివి చదవకుండా ఎస్ నొక్కడం నాకు అలవాటు. నొక్కాను. రికార్డర్ ఖాళీ అయిపోయింది.

పోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రామ్ పెట్టి సాయంత్రం దాకా తంటాలు పడ్డాను. ఒక్క పాటా దొరకలేదు. అప్పుడు నేను అన్న మాట: "రికార్డర్ ముందే పాడైంది అంకుల్. విమానంలో ఎక్కడో దెబ్బ తగిలుంటుంది."

ఆయన తన వైరును చుట్టి పక్కన పెట్టారు. తర్వాత, ఆదివారం పూట నిన్ను ఇబ్బంది పెట్టాను, ఏమనుకోకమ్మా అన్నారు. గుమ్మం దాకా వచ్చి సాగనంపారు.

మరుసటి చలికాలం ఆయన మళ్లీ వెళ్లారు. తిరిగొచ్చాక పిలిచి వినిపించారు. ఈసారి నాలుగు పాటలే. ఒక అప్పగింతల పాట మధ్యలో ఆవిడ ఆగిపోయి, "తర్వాత ఏంట్రా తమ్ముడూ?" అని అడుగుతోంది. ఆయన గొంతు తెలియదక్కా అంటోంది. ఆ ఏడాదిలో ఆవిడకి మతిమరుపు వచ్చేసింది. మిగతా పాటలు గుర్తులేవు.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెప్పేశాను. "రికార్డర్ బాగానే ఉంది అంకుల్. నేనే చెరిపేశాను. ఆరోజు అబద్ధం చెప్పాను."

"అనుమానపడ్డానమ్మా," అన్నారు. "పక్కనే కూర్చున్నాగా, నువ్వు నొక్కింది చూశాను. చదవకుండా నొక్కావని నాకు కోపం లేదు. ఆ వారంలోనే చెప్తావనుకున్నాను. నువ్వు పాడైందన్నావని, బాగుచేయిస్తే పాటలు దొరుకుతాయేమోనని చూస్తూ ఉండిపోయాను. చెరిగిపోయాయని చెప్పుంటే వెంటనే టికెట్ కొనుక్కుని వెళ్లేవాణ్ణి. అప్పటికి అక్కకి అన్నీ గుర్తున్నాయి."

తిట్టినా బాగుండేది. పాటలు పోయింది నా వేలివల్లే అనుకుంటూ వచ్చాను ఏడాదిపాటు. అవి పోయింది నేను నోరు విప్పకపోవడం వల్ల.