ఇరవై మూడు గొడుగుగుడ్డ తొడుగులు

గొడుగులు బాగుచేసుకుని బతికే ఒక స్త్రీ, తల్లిదండ్రులు లేని తన ఇద్దరు మేనకోడళ్లచేత ఇంట్లో చాకిరీ చేయిస్తోందని పిల్లల సంక్షేమ కార్యాలయం నివేదిక రాసింది. రాసేముందు బడిలో అడగలేదు. ఇరుగుపొరుగును అడగలేదు. పిల్లలు చెప్పిన జవాబుల్లో సగమే రాసుకుంది. వచ్చే సోమవారం జరిగే విచారణలో ఆ నివేదికను ఆధారం చేసుకుని పిల్లలను ఆమె నుంచి వేరుచేసి వసతి గృహానికి పంపవచ్చు.

ఆమె బజారు భవనంలో మెట్ల కింద కూర్చుంటుంది. కాళ్లు చాపుకోవడానికి కూడా చాలని చోటు. వంగిన ఊచలు సరిచేస్తుంది, ఊడిన పిడి బిగిస్తుంది, పిగిలిన గుడ్డను ఊచల కొసలకు మళ్లీ కుడుతుంది. ఇక లాభం లేదని జనం వదిలేసిపోయిన గొడుగులను విప్పి, ఒక్కోదాని నుంచి ఎనిమిది మూడుమూలల ముక్కలు తీసి దాచుకుంటుంది.

మూడేళ్ల క్రితం తమ్ముడు, మరదలు ఒకే ప్రమాదంలో పోయారు. పెద్దదానికి అప్పుడు ఆరేళ్లు, బుడ్డదానికి మూడు. "గొడుగైతే విప్పి చూసి ఎక్కడ పోయిందో చెప్తాను బాబాయ్, పిల్లల్ని ఎలా విప్పను?" అని ఆమె కింది వాటాలోని ఇస్త్రీ బాబాయితో అన్నది. పెద్దది అప్పటికి రెండు నెలలుగా నోరు విప్పలేదు. ఒక సాయంత్రం ఆమె ఏమీ చెప్పకుండా ఒక ముక్క, ఒక సూది దాని ముందు పెట్టింది. గంట తర్వాత ఆ పిల్ల అడిగిన మొదటి మాట, "ముడి ఎలా వెయ్యాలి అత్తా?"

అప్పటినుంచి ఆ ఒంటిగది ఇంట్లో ప్రతి కాలానికీ ఒక పని ఉంది. చలికాలంలో పొట్టివైన స్వెట్టర్ల ఊలు విప్పి, కెటిల్ ఆవిరి మీద వంకర తీసి, టోపీలు అల్లుతారు. ఎండాకాలంలో ఉల్లిపొట్టు మరిగించి పాత దుప్పటికి పసుపురంగు వేస్తారు. వానల్లో గొడుగుగుడ్డ. ఈసారి తరగతిలో ఒక పిల్ల పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. పెద్దది ఇంటికొచ్చి, "మా క్లాసులో అందరికీ సంచి తొడుగులు కుడదామా అత్తా?" అన్నది. అందరూ అంటే ఇరవై మూడు మంది. కత్తెర పదునుది కనుక అత్త కత్తిరించేది. పెద్దది కుట్టేది. కుట్టు సందుల్లోంచి నీళ్లు దిగకుండా బుడ్డది కొవ్వొత్తి రుద్దేది.

ఎవరో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేశారు. ఒక మధ్యాహ్నం నాలుగింటికి విచారణాధికారిణి వచ్చింది. తొడుగులన్నీ నేలమీద వరసగా పరిచి ఉన్నాయి.

"ఇవన్నీ ఎవరు కుట్టారు?"

అధికారి మెడలోని కార్డు చూసిన క్షణంలోనే అత్త తప్పు చేసింది. "నేనేనండీ. పిల్లలు ముట్టుకోనైనా లేదు."

"అబద్ధం!" అన్నది బుడ్డది, అన్యాయం జరిగిపోయినట్టు. "మైనం నేను రుద్దాను. అక్క కుట్టింది. అత్తకి మా అంత సన్నగా కుట్టడం రాదు కూడా!"

"రోజుకి ఎన్ని చేస్తారమ్మా?"

"రెండు. అక్క కోపంగా ఉంటే మూడు."

"చెయ్యకపోతే అత్త ఏమంటుంది?"

"ఏమంటుంది? పోయి ఆడుకోండి, గుడ్డకేం కాళ్లొచ్చి పారిపోదుగా, అంటుంది."

విచారణలో ఆమె తరఫున మాట్లాడబోయే వకీలుగా ఆ నివేదిక నేను చదివాను. 'రోజుకు రెండు నుంచి మూడు' అని ఉంది. 'సంరక్షకురాలు నిజం దాచింది' అని ఉంది. చివరి జవాబు లేదు. తొడుగులు ఎవరికోసమన్న ప్రశ్నే లేదు.

విచారణ నోటీసును ఆమె చేతికి ఇవ్వలేదు. తలుపుకు అతికించిపోయారు. మెట్లెక్కే ప్రతివాడూ చదివాక, చివరగా చదివింది ఆమే.

ఆ రోజునుంచి ఆ ఇల్లు ఊపిరి బిగబట్టుకుని బతుకుతోంది. తొడుగులన్నీ ఆమె గోనెసంచిలో కుక్కి పరుపుల వెనక తోసింది. సూదులు బియ్యం డబ్బా అడుగుకు చేరాయి. మెట్లమీద అడుగుల చప్పుడు వినిపిస్తే చేతిలో గిన్నెతో అలాగే నిలబడిపోతుంది. ఆ అడుగులు పై అంతస్తుకు వెళ్లిపోయాకే గిన్నె కింద పెడుతుంది. ఒక ఉదయం బుడ్డది తన దుప్పటి మడతపెట్టి, ఉలిక్కిపడి, గబగబా విప్పేసి నేలమీద పరిచింది.

"అత్తా, ఇది కూడా పనేనా?"

గుమ్మంలోంచి అది విన్న ఇస్త్రీ బాబాయి నవ్వించాలని చూశాడు. "అలా అయితే నన్నూ పట్టుకెళ్లమనమ్మా. నలభై ఏళ్లుగా ఊరందరి చొక్కాలూ మడతపెడుతున్నాను, యావజ్జీవం పడాలి." ఆమె నవ్వలేదు. "గట్టిగా అనకు బాబాయ్," అని తలుపు వేసుకుంది.

లోపల ఆమె పిల్లలకు పాఠం చెబుతోంది.

"ఎవరైనా అడిగితే?"

"మేమేమీ చెయ్యం."

"కుట్టడం వచ్చా అంటే?"

"మాకేమీ రాదు."

"మళ్లీ చెప్పు. నా మొహం చూడకుండా చెప్పు."

"మాకేమీ రాదు."

ఆ పాఠం పెద్దదానికి బాగా వంటబట్టింది. బడిలో కాగితాలు పంచి ఏదో ఒకటి చెయ్యమన్నప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుని, "నాకేమీ రాదు టీచర్" అన్నది. తరగతిలో అందరికన్నా పొందికైన చేతులు ఆ పిల్లవని తెలిసిన టీచరమ్మ ఆ సాయంత్రమే ఇంటికి వచ్చింది. తలుపు తట్టింది. లోపల అత్త ఇద్దరి నోళ్లమీదా చెరో అరచెయ్యి అడ్డంపెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. టీచరమ్మ మూడుసార్లు పిలిచి, తలుపు కింద చీటీ తోసి వెళ్లిపోయింది. తమను కాపాడగల ఒకే ఒక సాక్షిని ఆమె అలా వెనక్కి పంపింది.

చీటీలో నాలుగు ముక్కలే ఉన్నాయి. 'పిల్లకు ఒంట్లో బాగాలేదా? తొడుగులు ఎప్పుడిస్తుందని తరగతంతా అడుగుతోంది. తొందరేమీ లేదు. ఒకసారి కలవండి.'

ఆ చీటీని ఆమె జాకెట్లో దాచుకుని నా దగ్గరకు వచ్చింది. ఇవ్వడానికి భయం, చింపడానికి భయం. "ఇది చూపిస్తే పిల్లలే చేశారని ఒప్పుకున్నట్టు కాదూ? నన్ను జైల్లో పెడితే పెట్టనీ అమ్మా. వాళ్లు రాత్రిపూట ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుంటే గానీ పడుకోరు. అక్కడ వేరే వేరే గదుల్లో పడుకోబెడతారటగా?"

కనుక కార్యాలయానికీ, విచారణ సంఘానికీ నేను చెప్పేది ఇది. పిల్లలు ఏదైనా తయారుచేయడం నేరం కాదు. వారి శ్రమను వాడుకోవడం నేరం. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా తెలుసుకోవడమే మీ ఉద్యోగం. ఆమె అబద్ధమాడింది, నిజమే. ఏ నేరం మోపుతున్నారో చెప్పకుండా గడపలో నిలబడి ప్రశ్నలు వేసినందువల్ల పుట్టిన అబద్ధమది. దానిని సాక్ష్యంగా వాడుకునే హక్కు మీకు లేదు.

సోమవారానికి ముందే బడికి వెళ్లండి. టీచరమ్మ వాంగ్మూలం తీసుకోండి. ఆరేళ్ల పిల్ల చెప్పిన జవాబును, మీరు వదిలేసిన సగంతో సహా, నివేదికలో చేర్చండి. 'చాకిరీ' అన్న మాట కొట్టివేసి, కొట్టివేసిన చోట సంతకం చేయండి. విచారణ రోజున ఇద్దరినీ ఒకే బల్లమీద, అత్త పక్కనే కూర్చోబెట్టండి. ఆ ముగ్గురినీ ఇక ఎప్పటికీ విడదీయబోమన్న మాటను తీర్పు కాగితంలో రాసి ఊరుకోవద్దు. ఆ పిల్లలకు అర్థమయ్యే మాటల్లో, వారి కళ్లలోకి చూస్తూ, గట్టిగా చదివి వినిపించండి.