రెండో కేబుల్ పెట్టింది నేను

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి కోరుట్ల కాలేజీ అటెండర్ ఫోన్ చేశాడు. "మేడం, మన ఆగం సార్ పోయిండు. గుండెపోటు. గొల్లపల్లిల, ఇంట్లనే." సరేనని పెట్టేశాను. రిటైరై నేనుంటున్న జగిత్యాలలో నా చుట్టుపక్కల ఆయనను ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు, చెప్పుకోవడానికి.

కాలేజీ కంప్యూటర్లను కలిపే స్విచ్‌లు, కేబుళ్లు చూసే ఆయనకు ఆగం, అంటే అంతా పాడు, అన్న ఆ పేరు ఎలా వచ్చిందో ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు. నేనప్పుడు అక్కడ ఆఫీసు సూపరింటెండెంట్‌ని. ఆయన వారంలో మూడు రోజులు మాకు, మిగతా రోజులు సిరిసిల్లలో పని చేసేవాడు. "మా నాయిన కల్లు గీయనీకి తాళ్లెక్కిండు, నేను నిచ్చెనలెక్కుతున్న. కిందికి చూడొద్దనేది ఇద్దరికొకటే మేడం" అనేవాడు. ప్రతి కేబుల్‌కూ రెండు కొసల్లో కాగితం అంటించి, ఎక్కడి నుంచి ఎక్కడికో రాసేవాడు. అక్షరాలు వంకరగా ఉంటే తిరిగి రాయించేదాన్ని. రాసేవాడు.

ఒకసారి కొత్త స్విచ్‌లు వచ్చాయి. "వీటిల స్పానింగ్ ట్రీ ఆన్ జెయ్యాలె మేడం, దారులు చుట్టువడకుంట చూసేది. డబ్బాల నుంచి తీసినప్పుడు బంద్ ఉంటది. ఒక అర్ధగంట నెట్ ఆపుత" అన్నాడు. పనివేళల్లో కుదరదన్నాను.

వారం తర్వాత, పరీక్ష ఫారాలు ఆన్‌లైన్‌లో పంపడానికి చివరి రోజు. గోడ పక్కన ఒక కేబుల్ కొస ఊరికే పడి ఉంది. నాకు అలాంటివి నచ్చవు. తీసి ఆఫీసు స్విచ్‌లో ఖాళీగా ఉన్నచోట పెట్టేశాను. దాని రెండో కొస ల్యాబ్ స్విచ్‌లో ఉందని చూడలేదు. ఆ రెండు స్విచ్‌ల మధ్య అప్పటికే ఒక దారి ఉంది. ఇది రెండోదయింది. పంపినదల్లా బయటికి పోకుండా ఆ చుట్టులోనే తిరిగి తిరిగి, నిమిషంలో కాలేజీ అంతా నిలిచిపోయింది.

ఆయన సిరిసిల్ల నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. వెతికి ఆ కేబుల్ పీకాడు. ప్రిన్సిపాల్ అందరి ముందూ, "కాలేజంత ఆగం జేస్తివి గదయ్యా! పిల్లల సంవత్సరం పోతే నువ్విస్తవా?" అన్నారు. ఆయన నావైపు ఒక్కసారి చూసి, "నాదే తప్పు సార్" అన్నాడు. నేను నోరు తెరవలేదు. సాయంత్రానికి ఫారాలన్నీ వెళ్లాయి. పేరు మాత్రం నిలిచింది.

ఆ ఆదివారం ఆయన స్పానింగ్ ట్రీ పెట్టడానికి వచ్చాడు. తాళం నేనే తీశాను.

"ఇగ రెండు దారులున్నా ఫికర్ లేదు మేడం. ఒకటి నడుస్తది, ఇంకోటి మూసుకొని చూస్తుంటది. మొదటిది తెగితే ఇది తెరుసుకుంటది. గని అన్నిటికి పెద్ద స్విచ్ ఏదో మనమే చెప్పాలె. చెప్పకుంటే ఏదో మూలకున్న పాతదే పెద్దరికం జేస్తది."

"పాతది పెద్దరికం చేస్తే తప్పేంటయ్యా?"

"తప్పేం లేదు. జర నిమ్మలంగ నడుస్తది, గంతే."

నవ్వు ఆపుకున్నాను. గదిలో ఇద్దరమే ఉన్నాం. అప్పుడు చెప్పవలసింది. బదులుగా ల్యాబ్ కేబుల్ మీద కాగితం వంకరగా ఉందన్నాను. ఆయన దాన్ని ఊడదీసి మళ్లీ అంటించాడు.

ఆ తర్వాత ఆరేళ్లు ఆ పేరుతో ఎవరు పిలిచినా పలికాడు. నా రిటైర్మెంటు రోజున కూడా అలాగే పిలిచారు, పలికాడు. ఇది చదువుతున్న కాలేజీవాళ్లారా, ఆ పేరు నాకు రావలసింది.

పదకొండో రోజున గొల్లపల్లి వెళ్లి ఆయన భార్యకు అంతా చెప్పాను. చివరిదాకా విన్నది.

"నాకు చెప్తే ఏమొస్తదమ్మా," అన్నది. "ఆయనున్నప్పుడు చెప్పేదుండె."

లేచి వచ్చేశాను. వాకిట్లో మిగిలిపోయిన నీలం కేబుల్‌తో కట్టిన దండెం ఉంది. దానిమీద ఆయన చొక్కా ఒకటి ఎప్పుడో ఆరింది, ఎవరూ తీయలేదు. బస్సు కోసం రోడ్డు మీద నిలబడినంతసేపూ అది నాకు కనబడుతూనే ఉంది, గాలికి నిండుతూ, ఖాళీ అవుతూ.